సున్నానికి ఒక మందు, జిడ్డుకు ఒక మందు: కడప నీళ్లతో ఎస్ప్రెస్సో మెషిన్

కడప బండ పరిచిన వంటింటి గట్టు మీద కోసిన నిమ్మచెక్కను రాత్రంతా వదిలేస్తే, పొద్దునకు అక్కడ నిగనిగ పోయి తెల్లటి మచ్చ తేలుతుంది. ఎంత తుడిచినా పోదు. అది మరక కాదు, రాయి కరిగిన చోటు. నల్లగా కనిపించినా కడప బండ సున్నపురాయి జాతిదే, పులుపు తగిలితే పైపొర తినుకుపోతుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది కూడా సున్నపురాయిని చూసుకునే. మన వాన నీళ్లు అలాంటి రాతిపొరల సందుల్లోంచి ఇంకి బోర్లలోకి చేరతాయి. వచ్చేటప్పుడు వట్టి చేతులతో రావు, కాస్త రాయిని కరిగించుకుని మరీ వస్తాయి. ఆ నీళ్లను, ఒత్తిడితో చిక్కటి కాఫీ తీసే ఎస్ప్రెస్సో మెషిన్‌లో పోసి కాస్తే కరిగిన రాయి మళ్లీ రాయి అవుతుంది, ఈసారి బాయిలర్ లోపల.

బెంగళూరు ఉద్యోగం వదలకుండానే ఇంటికి మకాం మార్చినవాళ్లు కొందరు, ఆన్‌లైన్ సేల్‌లో ధర చూసి ఆగలేక కొన్నవాళ్లు కొందరు, మొత్తానికి మన ఊళ్లోనూ ఈ మెషిన్లు ఇళ్లలోకి వచ్చాయి. కంపెనీ సర్వీస్ సెంటర్ మాత్రం రాలేదు. ఫిర్యాదులు తిప్పి తిప్పి నాలుగైదే ఉంటాయి. కాఫీ చుక్కలు చుక్కలుగా పడుతోంది. పంపు అరుస్తోంది గానీ నీళ్లు రావడం లేదు. హ్యాండిల్ చుట్టూ కారుతోంది. ఆవిరిలో దమ్ము లేదు. ఆన్ చేయగానే మెయిన్ పడిపోతోంది. అందరికీ మొదటి అనుమానం పంపు మీదే. నా లెక్కలో పంపు ఆఖరి ముద్దాయి. అసలు దోషులు రెండు మురికులు: నీళ్లు తెచ్చే సున్నం, కాఫీ వదిలే నూనె జిడ్డు. సున్నం పులుపుకు లొంగుతుంది, జిడ్డు సోడా జాతికి లొంగుతుంది. దీని మందు దానికి వేస్తే ఏదీ కదలదు. అమ్మేవాళ్లు రెంటినీ కలిపి క్లీనింగ్ అనేస్తారు. దాంతో జనం నెలనెలా సున్నం వదిలించే డీస్కేలింగ్ పొడి పోస్తూ, కాఫీ ఇంకా చేదుగానే ఉందేమిటని తల పట్టుకుంటారు.

నీళ్లు నడిచే దారి

మెషిన్ విప్పే ముందు నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో తెలియాలి. ట్యాంకులోంచి సన్న గొట్టం పంపుకు వెళుతుంది. ఇళ్లలో వాడేవాటిలో ఎక్కువ భాగం వైబ్రేటరీ పంపులే. ఒక కాయిల్, దాని నడుమ స్ప్రింగు మీద ఊగే పిస్టన్, అంతే సరుకు. మన కరెంటు 50 హెర్ట్జ్. మధ్యలో ఉండే డయోడ్ సగం తరంగాన్నే పోనిస్తుంది కాబట్టి పిస్టన్ సెకనుకు 50 సార్లు కొట్టుకుంటుంది. మనకు వినిపించే గర్రుమనే శబ్దం అదే. పంపు దాటాక, ఎక్కువైన ప్రెషర్‌ను వెనక్కి వదిలే ఓపీవీ అనే చిన్న వాల్వ్ ఉంటుంది. ఆ తర్వాత బాయిలర్, చవక మెషిన్లయితే థర్మోబ్లాక్, అంటే నీళ్లు పారుతుండగానే వేడెక్కించే లోహపు దిమ్మ. అక్కడి నుంచి కరెంటుతో తెరుచుకుని మూసుకునే మూడు దారుల సోలెనాయిడ్ వాల్వ్, దాని కింద హ్యాండిల్ బిగించే గ్రూప్ హెడ్, జల్లెడ లాంటి షవర్ స్క్రీన్, చివర పోర్టాఫిల్టర్ అనే ఆ హ్యాండిల్ బుట్టలో కాఫీ పొడి.

పెట్టె మీద 15 బార్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు, బార్ అంటే ఒత్తిడి కొలత. దారంతా మూసేసి నీళ్లను ఎటూ కదలనివ్వకపోతే పంపు చూపించగల గరిష్ఠం అది. కాఫీకి కావలసింది 9 బార్ దరిదాపుల్లో. 1884లో ట్యూరిన్‌లో ఏంజెలో మొరియోండో పేటెంటు తీసుకున్న యంత్రమూ, 1901లో మిలాన్‌లో లుయిజీ బెజెరా పేటెంటు తీసుకున్నదీ ఆవిరి తోపుతోనే నడిచేవి. ఆ తోపుకు ఇంత బలం లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అకిలే గాజియా లివర్, పిస్టన్ పెట్టి ఒత్తిడి పెంచాక కాఫీ మీద క్రేమా అనే నురగ మొదలైంది. 1961లో వచ్చిన ఫైమా ఈ61 చేతి లివర్ పనిని మోటారు పంపుకు అప్పగించింది. ఈ చరిత్రతో మనకు పనేమిటంటే, నేటి మెషిన్‌లో కూడా ఆ రెండు ఒత్తిళ్లూ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. కాఫీకి పంపు ఇచ్చే 9 బార్ ఒకటి, పాలు కాయడానికి ఆవిరి ఇచ్చే ఒకటి ఒకటిన్నర బార్ ఇంకొకటి. కాఫీ బాగా వస్తూ ఆవిరి చచ్చుబడితే పంపును తిట్టి లాభం లేదు. ఆవిరి బుస్సుమంటూ కాఫీ రాకపోతే హీటర్‌ను అనుమానించనక్కర్లేదు.

ఏ లక్షణం కనిపించినా మొదటి పరీక్ష ఒక్కటే. పోర్టాఫిల్టర్ తీసేసి, కింద కొలగ్లాసు పెట్టి, 10 సెకన్లు నీళ్లు వదలాలి. ధార నిండుగా, జల్లెడ అంతటా సమంగా పడితే మెషిన్ నిక్షేపంలా ఉన్నట్టే. లోపం పొడిలో ఉంది. మరీ సన్నగా పట్టారో, బుట్టలో ఎక్కువ కూరారో, కాఫీ పాతబడిందో. సాధారణంగా 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. ఆ లెక్క తప్పితే ముందు గ్రైండర్‌ను సరిచేయాలి, స్పానర్ జోలికి పోకూడదు. ఈ 10 సెకన్ల కొలత మెషిన్ కొత్తగా ఉన్నప్పుడే తీసి అడుగున చీటీ అంటించుకుంటే చాలా మేలు. రెండేళ్ల తర్వాత ధార తగ్గిందా లేదా అనే వాదనే ఉండదు.

ఇక్కడే ఇంకో మాట. ఫిల్టర్ కాఫీకి వాడే చికోరీ కలిపిన పొడిని ఈ బుట్టలో వేయకండి. చికోరీ వేడి నీళ్లకు బంకలాగా మారి బుట్ట రంధ్రాలను, జల్లెడను పట్టేస్తుంది. కాఫీ రాకపోతే మెషిన్ చెడిందనుకుంటారు. ఆ పొడికి ఇత్తడి ఫిల్టరే సరైన ఇల్లు, అందులో దాని రుచికి వంక పెట్టలేం.

రాయి ఎలా కడుతుంది

చక్కెర గానీ ఉప్పు గానీ నీళ్లు వేడెక్కితే ఇంకా బాగా కరుగుతాయి. సున్నానిది తిరకాసు వ్యవహారం. బోరు నీళ్లలో అది కాల్షియం బైకార్బొనేట్ రూపంలో కనిపించకుండా దాగి ఉంటుంది. వేడి తగలగానే ఆ బైకార్బొనేట్ విరిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి లేచిపోతుంది, మిగిలిన కాల్షియం కార్బొనేట్ అత్యంత వేడిగా ఉన్న చోటు చూసుకుని అతుక్కుంటుంది. మెషిన్‌లో ఆ చోటు హీటింగ్ ఎలిమెంట్ ఒళ్లే. ఆవిరి బాయిలర్‌లో 1.2 బార్ దగ్గర వేడి సుమారు 123 డిగ్రీలు ఉంటుంది కాబట్టి అక్కడ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. పైగా ఆవిరిగా పోయేది నీళ్లు మాత్రమే, తెచ్చిన సున్నమంతా అడుగునే ఉండిపోతుంది.

చిన్న లెక్క చూడండి. కఠినత లీటరుకు 300 మిల్లీగ్రాములున్న నీళ్లు రోజుకు లీటరు చొప్పున ఏడాది పోస్తే, లోపలికి పోయే సున్నం జాతి సరుకు 110 గ్రాముల దాకా ఉంటుంది. అంతా అంటుకోదు, చాలా భాగం కప్పులోకి పోతుంది. అందులో అయిదో వంతు మిగిలినా 22 గ్రాముల రాయి. అర లీటరు కూడా పట్టని ఇంటి బాయిలర్‌కు, పెన్సిల్ ములుకు కూడా దూరని దాని దారులకు అది తక్కువేం కాదు.

తాగే నీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది, కఠినత 200 దాకా ఉండటం మంచిదని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా తాగవచ్చని చెబుతుంది. అది మనిషి కడుపుకు వేసిన లెక్క, మెషిన్ కడుపుకు కాదు. స్పెషాల్టీ కాఫీ సంఘం ప్రమాణంలో కాఫీ నీళ్లకు టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 150 దగ్గర, క్షారత (పులుపును విరిచే గుణం) 40 దగ్గర ఉండాలి. మన బోరు నీళ్లకూ ఈ అంకెలకూ పొంతన కుదరడం కష్టం.

టీడీఎస్ అనగానే ఆర్‌ఓ బిగించడానికి వచ్చే కుర్రాడి చేతిలోని పెన్ను లాంటి మీటరు గుర్తొస్తుంది. అది గ్లాసులో ముంచి 480 అనో 900 అనో చూపించి భయపెడతాడు. ఆ మీటరు చేసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచి, దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తం ఇంత ఉండొచ్చని అంచనా కట్టడం. అందులో సోడియం ఎంత, కాల్షియం ఎంత అనేది దానికి తెలియదు. సోడియం ఎక్కువున్న ఉప్పునీళ్లు టీడీఎస్ 800 చూపించినా బాయిలర్‌లో పెద్దగా రాయి కట్టకపోవచ్చు, కానీ అందులో క్లోరైడ్ ఎక్కువుంటే స్టీలునూ ఇత్తడినీ మెల్లగా తినేస్తుంది. 400 చూపించే ఇంకో బోరు నీళ్లు ఏడాది తిరక్కుండా గొట్టాలు పూడ్చేయవచ్చు. కాబట్టి తెలుసుకోవలసింది కఠినత, క్షారత. చేపల తొట్ల సామాను అమ్మేచోట చుక్కలు వేసి రంగు చూసే కిట్లు దొరుకుతాయి, అవి చాలు. అదీ వద్దనుకుంటే వంటింటి పరీక్ష ఒకటుంది. శుభ్రమైన స్టీలు గిన్నెలో లీటరు నీళ్లు పది నిమిషాలు తెర్ల కాచి, చల్లార్చి చూడండి. అడుగున తెల్లటి పొడి, అంచున తెల్లటి గీత కనిపిస్తే మీ మెషిన్‌లోనూ జరిగేది అదే.

మా కుళాయికి పెన్న నీళ్లే వస్తాయి, మాకేం భయం లేదు అనేవాళ్లుంటారు. ఎండాకాలం ఆ సంపులోకే ట్యాంకరు నీళ్లు దిగుతాయి, అపార్ట్‌మెంట్ బోరు కలుస్తుంది. శ్రావణంలో చేసిన పరీక్ష చైత్రానికి చెల్లదు.

క్యాను నీళ్లు పోస్తే సరిపోదా?

సగం సరిపోతుంది. ఇరవై లీటర్ల క్యానులో వచ్చేదీ, ఇంట్లో ఆర్‌ఓ నుంచి దిగేదీ దాదాపు ఒకటే: లవణాలు చాలా మటుకు వడగట్టేసిన నీళ్లు. రాయి బాధ తీరుతుంది. కానీ మరీ ఖాళీ నీళ్లతో వేరే తంటాలు మొదలవుతాయి. ఆవిరి బాయిలర్ విడిగా ఉన్న మెషిన్లలో నీటి మట్టాన్ని చూసేది ఒక లోహపు కడ్డీ. నీళ్లు దానికి తగిలి సన్నగా కరెంటు పారితే బాయిలర్ నిండిందని బోర్డుకు కబురు అందుతుంది. నీళ్లలో లవణమే లేకపోతే కరెంటు పారదు, బాయిలర్ నిండినా పంపు ఆగదు, ఆవిరి గొట్టంలోంచి నీళ్లు చిమ్ముతాయి. బోర్డు పోయిందనుకుని వేలు తగలేసినవాళ్లున్నారు. రెండోది, క్షారత బొత్తిగా లేని నీళ్లు రాగి, ఇత్తడి భాగాలను కొరుకుతాయి. మూడోది రుచి. అలాంటి నీళ్లతో తీసిన కాఫీ పుల్లగా, పలచగా తోస్తుంది.

ఆర్‌ఓ పక్కనుండే టీడీఎస్ స్క్రూ తిప్పి కొంచెం బోరు నీళ్లు కలపమని మెకానిక్కులు చెబుతారు. నాకు ఆ సలహా రుచించదు. కలిసేది కావలసిన లవణం ఒక్కటే కాదు, వద్దనుకున్న సున్నం, క్లోరైడ్, మన జిల్లాలో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కూడా వెంట వస్తాయి. దానికంటే వంటసోడా నయం. బేకింగ్ పౌడర్ కాదు, ఉత్త వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్. లీటరు ఆర్‌ఓ నీళ్లలో 8 గ్రాములు కరిగించి సీసాలో పెట్టుకోండి. మెషిన్ ట్యాంకులో పోసే ప్రతి లీటరు ఆర్‌ఓ నీటికీ ఆ సీసాలోంచి 10 మిల్లీలీటర్లు కలపండి. అంటే లీటరుకు 80 మిల్లీగ్రాములు, క్షారత 50కి కాస్త కిందుగా నిలుస్తుంది. కాల్షియం దాదాపు లేదు గనక రాయి కట్టే ప్రసక్తి దాదాపు లేదు, కడ్డీకి కరెంటు అందుతుంది, లోహానికి రక్షణ ఉంటుంది. సీసాను వారం పది రోజులకొకసారి కడిగి కొత్తగా కలుపుకోవాలి. కాఫీలో సోడా వాసన వస్తే కొలత తప్పినట్టు.

ఇది కుదిరితే డీస్కేలింగ్ అనే తతంగమే దాదాపు అక్కర్లేదు. మొదటి రోజు నుంచి ఈ నీళ్లే పోసిన మెషిన్‌కు నెలకోసారి యాసిడ్ పట్టించడం, రోగం లేనివాడికి మందు తాగించడమే.

నిమ్మ ఉప్పు వైద్యం

ఇప్పటికే రాయి కట్టిన మెషిన్ సంగతి వేరు. దానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, చాలు. లీటరు ఆర్‌ఓ నీటికి 20 గ్రాములు. రసాయన లెక్క ప్రకారం అంత యాసిడ్ 15 గ్రాముల పైచిలుకు సున్నాన్ని కరిగించగలదు. వెనిగర్ వద్దు. దాని వాసన రబ్బరు గొట్టాల్లోకి ఇంకి రోజుల తరబడి వదలదు.

ద్రావణం చిక్కగా, వేడిగా ఉంటే త్వరగా కరుగుతుందని అనిపిస్తుంది. నిమ్మ ఉప్పు దగ్గర అది బెడిసికొట్టవచ్చు. సున్నంతో కలిసి అది కాల్షియం సిట్రేట్ అవుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ సిట్రేట్ తక్కువగా కరిగి మళ్లీ గడ్డ కట్టే గుణం కలది. అంటే ఒక రాయిని తీసి ఇంకో రాయిని పెట్టినట్టు. కాబట్టి పలచగా, గోరువెచ్చగా చాలు. మెషిన్‌ను కాస్త వేడెక్కించి ఆపేయాలి. ద్రావణాన్ని గ్రూప్ లోంచి కొంచెం, ఆవిరి గొట్టం లోంచి కొంచెం లాగి, 20 నిమిషాలు ఆగాలి. మళ్లీ లాగాలి, మళ్లీ ఆగాలి. ట్యాంకు అయిపోయాక రెండు మూడు ట్యాంకుల మంచినీళ్లు పంపాలి. చివర పట్టిన నీళ్లు నాలుకకు పుల్లగా తగలకూడదు.

బాయిలర్ ఏ లోహమో ముందే తెలుసుకోవాలి. గాజియా క్లాసిక్ లాంటి పేరున్న మెషిన్లలోనూ చాలా ఏళ్లు అల్యూమినియం బాయిలరే వచ్చింది, థర్మోబ్లాకులూ ఎక్కువగా అల్యూమినియమే. పులుపు సున్నంతో ఆగదు, ఆ లోహాన్నీ తింటుంది. అలాంటివాటికి రాత్రంతా నానబెట్టడాలు పనికిరావు. రెండు బాయిలర్లున్న ఖరీదైన మెషిన్‌ను అయితే ఇంట్లో డీస్కేల్ చేయొద్దనే నా మాట. కరగక మిగిలిన పెచ్చులు ఎక్కడ ఇరుక్కుంటాయో చెప్పలేం.

ఆ ఇరుక్కోవడం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూశాను. ఎర్రముక్కపల్లిలో ఒక మిత్రుడి మెషిన్, బోరు నీళ్లతోనే బతికింది. ధార తగ్గిందని డీస్కేలింగ్ చేశాడు, ఆ మర్నాటి నుంచి అసలే చుక్క రాలేదు. ఆవిరి గొట్టంలోంచి మాత్రం వేడి నీళ్లు ధారగా వస్తున్నాయి. అంటే పంపు బాగుంది, బాయిలర్ బాగుంది, అడ్డు ఆ తర్వాత ఉంది. ప్లగ్ పీకి, చల్లారాక, పైమూత తీసి సోలెనాయిడ్ కాయిల్ నట్టు విప్పితే కాయిల్ పైకి జారి వచ్చింది. దాని కింది ఇత్తడి గొట్టాన్ని స్పానర్‌తో తిప్పితే లోపలి నుంచి చిటికెన వేలంత ప్లంజర్, సన్న స్ప్రింగు బయటపడ్డాయి. ప్లంజర్ కూర్చునే గద్దె మధ్య గుండుసూది తలంత రంధ్రం. అందులో గోధుమ రంగు పెచ్చు ఒకటి మూతలా కూర్చుంది. గీజర్ బాగుచేసే మెకానిక్ ఒకాయన పక్కనే ఉన్నాడు. దాన్ని గోటి మీద పెట్టుకుని చూసి, "పంపు కాదు సార్ ఇది, ఉప్పు. గీజర్లలో మేం తట్టలు తట్టలు ఎత్తిపోసేది ఇదే కదా" అన్నాడు. ఆయన ఎస్ప్రెస్సో ముఖం చూడటం అదే మొదలు, రోగం మాత్రం పాతదే. ఆ భాగాలను నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి బిగిస్తే ధార తిరిగొచ్చింది. రాయి బాగా ముదిరిన మెషిన్‌ను ఒక్కసారిగా కదిలించకూడదనడానికి కారణం ఇదే. అలాంటి వాటికి ఇంకా పలచటి ద్రావణంతో, మధ్యలో మంచినీళ్లు పంపుతూ, వారం వారం కాస్త కాస్తగా కరిగించాలి.

జిడ్డు సంగతి

కాఫీ గింజలో నూనె ఉంటుంది, మాడు రంగుకు వేయించిన గింజలో అది పైకే తేలి మెరుస్తుంటుంది. ప్రతి కప్పుకూ కొంత నూనె, కొంత నుసి జల్లెడ వెనక్కి, వాల్వ్ లోపలికి చేరి ముక్క వాసన కొడుతుంది. కాఫీ ఆపగానే పోర్టాఫిల్టర్‌లో మిగిలిన ప్రెషర్‌ను సోలెనాయిడ్ వాల్వ్ డ్రిప్ ట్రేలోకి వదులుతుంది చూశారా, ఆ వెనుదిరుగు నీళ్లతోనే ఈ జిడ్డు పైకి ఎక్కుతుంది. వాల్వ్ పట్టేసిందనడానికి గుర్తు: కాఫీ అయ్యాక హ్యాండిల్ విప్పగానే పొడి ముఖాన చిమ్మడం.

దీనికి నిమ్మ ఉప్పు దండగ. కావలసింది సోడియం పెర్‌కార్బొనేట్ ఆధారంగా చేసే మెషిన్ క్లీనింగ్ పొడి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రంధ్రాలు లేని బ్లైండ్ బుట్ట పెట్టి, అందులో చిటికెడు పొడి వేసి, పంపు 10 సెకన్లు ఆన్, 10 సెకన్లు ఆఫ్, ఇలా నాలుగైదు సార్లు. ట్రేలోకి కాఫీ రంగు నురగ దిగుతుంది. తర్వాత పొడి లేకుండా మంచినీళ్లతో అంతే. దీన్నే బ్యాక్‌ఫ్లష్ అంటారు. రోజుకు రెండు మూడు కప్పులు తాగే ఇంట్లో రెండు వారాలకోసారి పొడితో, రెండు మూడు రోజులకోసారి ఉత్త నీళ్లతో చేస్తే చాలు. మూడు దారుల వాల్వ్ లేని చవక మెషిన్లకు ఇది అసలు చేయకూడదు. ఒత్తిడికి బయటికి దారి లేక రబ్బర్లు చిరుగుతాయి. వాటికి జల్లెడ స్క్రూ విప్పి చేత్తో తోమడమే మార్గం. బుట్టను, జల్లెడను పొడి కలిపిన వేడి నీళ్లలో నానబెట్టండి గానీ, అల్యూమినియం పోర్టాఫిల్టర్‌ను అందులో ముంచితే నల్లబడి పాడవుతుంది.

హ్యాండిల్ చుట్టూ కారడం మాత్రం మురికి వల్ల తక్కువ, గ్యాస్కెట్ వల్ల ఎక్కువ. గ్రూప్ హెడ్ అంచున ఉండే ఆ రబ్బరు రింగు వేడికి గట్టిపడి, ప్లాస్టిక్ ముక్కలా తయారవుతుంది. కొత్తలో నిటారుగా ఆగే హ్యాండిల్ కుడివైపు ఇంకా ఇంకా తిరుగుతోందంటే దాని ఆయుష్షు తీరినట్టే. గట్టిగా బిగించి నెట్టుకురావడం వల్ల గ్రూప్ చెవులు అరుగుతాయి. గోరు గుచ్చితే దిగని రబ్బరును, రెండు చిన్న స్క్రూలు దానిలోకే తిప్పి ప్లయర్‌తో లాగితే ఊడి వస్తుంది. ఆ గాడిలో చేరిన నల్ల మసిని చెక్కి తీయకుండా కొత్తది పెడితే అదీ కారుతుంది. సైజు మెషిన్ మోడల్‌ను బట్టే కొనాలి, 58 మిల్లీమీటర్ల గ్రూప్‌లలోనే మందం తేడాలుంటాయి. ట్రాక్టర్ స్పేర్ల కొట్టులో సరిపోయే ఓ-రింగు దొరికింది కదా అని పెట్టేయకండి. అది నూనెకు, డీజిల్‌కు చేసిన రబ్బరు, మనం తాగేదానికి చేసింది కాదు.

ఆవిరి గొట్టానికి శత్రువు పాలు. మన ఇళ్లలో గేదె పాలు, వెన్న ఎక్కువ. నురగ కట్టించిన మరుక్షణమే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. పాలగిన్నెలో గొట్టం ముంచి ఉంచి ఆవిరి ఆపేస్తే ఇంకో ప్రమాదం. బాయిలర్ చల్లారుతూ లోపల శూన్యం ఏర్పడి పాలను లోనికి పీల్చుకోగలదు. బాయిలర్‌లో విరిగిన పాల వాసన ఒకసారి వస్తే, ఇక ఆ వారం కాఫీ మానుకోవలసిందే.

కరెంటు

1,450 వాట్ల మెషిన్ 230 వోల్టుల దగ్గర 6.3 ఆంపియర్లు లాగుతుంది. వంటింట్లో మిక్సీ గుచ్చే 6 ఆంపియర్ల సాకెట్‌కు అది ఎక్కువ బరువు. గీజర్‌కు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్, అందులో నిజమైన ఎర్త్ ఉండాలి. ఇల్లు కట్టినప్పుడు మూడో రంధ్రానికి వైరే వేయని సాకెట్లు మన దగ్గర కొత్త కాదు, టెస్టర్‌తో కాక ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

ఎండాకాలం సాయంత్రం ఏసీలన్నీ మోగుతున్న వేళ వోల్టేజి 180కి దిగితే, ఎలిమెంట్ ఇచ్చే వేడి అదే నిష్పత్తిలో కాక దాని వర్గంలో పడిపోతుంది, అంటే 61 శాతానికి. పంపు కూడా నీరసిస్తుంది. పొద్దున బాగున్న మెషిన్ సాయంత్రం పులిసిన కాఫీ ఇస్తోందంటే విప్పే ముందు వోల్టేజి చూడండి. ఇంటి ఇన్వర్టర్ మీద దీన్ని నడపాలనే ఆలోచన మానుకోవడం మేలు.

వేడే ఎక్కకపోతే ప్లగ్ తీసి మల్టీమీటర్‌తో ఎలిమెంట్ రెండు కొసలూ కొలవాలి. 1,200 వాట్లదైతే 44 ఓమ్‌ల దగ్గర, 1,450దైతే 36 దగ్గర చూపాలి. ఆ అంకె వస్తూ ఉంటే ఎలిమెంట్ మంచిదే, దాని పక్కనున్న థర్మల్ ఫ్యూజో థర్మోస్టాటో పోయి ఉంటుంది. అవి చవక భాగాలు. మీటరు ఏ అంకే చూపకపోతే ఎలిమెంట్ తెగింది. చాలా బాయిలర్లలో దాన్ని విడిగా మార్చలేం, బాయిలరే మార్చాలి. ఫ్యూజు పోయిన చోట వైరు ముక్క చుట్టి నడిపించే తెలివితేటలు మాత్రం వద్దు. నీళ్లు లేని బాయిలర్ ఎర్రగా కాలకుండా ఆపేది ఆ ముక్కే.

ఇక ఆన్ చేసిన కాసేపటికే ఆర్‌సీసీబీ పడిపోవడం. కరెంటు లీకైతే మెయిన్ ఆపేసే స్విచ్ అది, ఇళ్లలో 30 మిల్లీఆంపియర్ల లీకేజికే పడిపోయేలా ఉంటుంది. ఎలిమెంట్ పైతొడుగు సున్నం కింద వేడెక్కి పగిలి, నీళ్లు లోపలికి చేరితే ఇలా జరుగుతుంది. లేదంటే ఎక్కడో రబ్బరు కారి కనెక్షన్ల మీద చుక్క పడుతుంటుంది. మూత తీసి తడి జాడ ఉందేమో చూడండి. ఆరిన చోట తెల్లటి గీత ఉంటుంది కాబట్టి లీకు పట్టుకోవడం మన నీళ్లతో తేలిక. తడి ఎక్కడా లేకపోతే, ఎలిమెంట్‌కూ బాయిలర్ ఒంటికీ మధ్య మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలిపించాలి. మోటార్లకు కాయిల్ చుట్టే షాపుల్లో ఆ మీటరు ఉంటుంది, మెషిన్‌ను చంకన పెట్టుకుని అక్కడికే వెళ్లండి. కొలిచేదాకా ఆ ప్లగ్ మళ్లీ గుచ్చకండి.